అంగారకుడి మీద కాపురం కుదిరేనా?

2022 డిసెంబర్‌లో వికారాబాద్ జిల్లాలో ఓ ఊరి పొలాల్లో పెద్ద గుండ్రటి క్యాప్స్యూల్ ఒకటి ఆకాశం నుంచి దిగింది. చుట్టుపక్కల జనం పనులు వదిలేసి పరుగున వచ్చి మూగారు. సెల్‌ఫోన్లలో వీడియోలు, టీవీల్లో ‘వింత వస్తువు’ అంటూ స్క్రోలింగులు. తీరా ఆరా తీస్తే అది హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం నుంచి ఎగిరిందేనని తేలింది. టూరిస్టులను ఆకాశం అంచు దాకా తీసుకెళ్లాలని చూస్తున్న స్పెయిన్ కంపెనీ ఒకటి, మనుషుల్ని ఎక్కించకుండా చేసిన తొలి ట్రయల్ అది. పెద్ద బెలూన్‌కు వేలాడుతూ 37 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి, పారాచూట్ సాయంతో కిందికి వచ్చింది.

ఆ ఎత్తు గురించి టీవీలవాళ్లు పెద్దగా పట్టించుకోలేదు కానీ, అసలు విశేషం అందులోనే ఉంది. సముద్రమట్టం దగ్గర గాలి ఒత్తిడి 1013 మిల్లీబార్లు. హైదరాబాద్ కొంచెం ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ 950 దాకా ఉంటుంది. పైకి పోయేకొద్దీ అది పడిపోతూ 35 కిలోమీటర్ల దగ్గర ఇంచుమించు 6 మిల్లీబార్లకు దిగుతుంది. అంగారకుడి నేల మీద సగటున ఉండే ఒత్తిడి కూడా సుమారు అంతే. పైగా ఆ ఎత్తులో ఉష్ణోగ్రత సున్నాకు బాగా దిగువన ఉంటుంది. ఓజోన్ పొర చాలా మటుకు కిందే ఉండిపోతుంది కాబట్టి అతినీలలోహిత కిరణాలు అడ్డూ అదుపూ లేకుండా తాకుతాయి. గాలి పలుచన, చలి, యూవీ, ఈ మూడింటి వరకే చూస్తే అంగారకుడు కోట్ల కిలోమీటర్ల అవతల లేడు, నగరం నెత్తిమీదే ఉన్నాడు. మనిషి వేరే గ్రహం మీద బతకగలడా అన్న ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ఆ ఎత్తుకు రక్షణ లేకుండా వెళ్తే ఏమవుతుంది? 35 కిలోమీటర్ల దాకా పోనక్కర్లేదు, 19 కిలోమీటర్ల దగ్గరే కథ ముగుస్తుంది. దాన్ని ఆర్మ్‌స్ట్రాంగ్ రేఖ అంటారు. చంద్రుడి మీద నడిచిన ఆర్మ్‌స్ట్రాంగ్ కాదు, అమెరికా వైమానిక దళంలో డాక్టరుగా పనిచేసిన హ్యారీ ఆర్మ్‌స్ట్రాంగ్. అక్కడ ఒత్తిడి ఎంత తక్కువంటే నీళ్లు 37 డిగ్రీలకే మరుగుతాయి. అది మన ఒంటి వేడి. రక్తం ఒక్కసారిగా పొంగి మనిషి పేలిపోతాడని సినిమాల్లో చూపించేది అబద్ధం. రక్తనాళాల గోడలు, చర్మం కొంత ఒత్తిడిని పట్టి ఉంచుతాయి. నోట్లో ఉమ్మి, కంట్లో తడి మాత్రం ఆవిరైపోతాయి. 1966లో హ్యూస్టన్‌లోని నాసా వాక్యూమ్ చాంబర్‌లో స్పేస్ సూట్‌ను పరీక్షిస్తున్న జిమ్ లెబ్లాంక్ అనే టెక్నీషియన్‌కు సూట్‌లోకి గాలి పంపే గొట్టం ఊడిపోయింది. 14 సెకన్లలో స్పృహ తప్పింది. నాలుక మీద ఉమ్మి బుడగలు రావడం ఒక్కటే చివరగా గుర్తుందని తర్వాత చెప్పాడు. వెంటనే చాంబర్‌లోకి గాలి వదిలారు కాబట్టి బతికి బట్టకట్టాడు. 1971లో సోయుజ్-11 నౌకలో తిరిగి వస్తున్న ముగ్గురు సోవియట్ వ్యోమగాములకు ఆ అదృష్టం లేదు. ఒక వాల్వ్ వేళకాని వేళ తెరుచుకుని క్యాబిన్‌లోని గాలంతా పోయింది. ఒంటి మీద స్పేస్ సూట్లు లేవు. ముగ్గురూ చనిపోయారు.

ఇక్కడ చెప్పుకోవాల్సిన మనిషి జోసెఫ్ కిటింగర్. 1960 ఆగస్టులో బెలూన్ మీద 31 కిలోమీటర్ల పైకి వెళ్లి, అక్కడి నుంచి దూకిన అమెరికా వైమానిక దళ అధికారి. పైకి వెళ్తుండగానే అతని కుడి చేతి గ్లవ్‌లో ఒత్తిడి నిలవడం లేదని తెలిసింది. కిందివాళ్లకు చెబితే ప్రయోగం ఆపేస్తారని చెప్పకుండా ఊరుకున్నాడు. చెయ్యి రెండింతలు వాచింది, వేళ్లు పనిచేయడం మానేశాయి. ఒంట్లో మిగతా భాగమంతా సూట్‌లో క్షేమంగా ఉంది, ఆ ఒక్క చెయ్యి మాత్రం దాదాపు అంగారకుడి గాలిలో ఉన్నట్టే. దిగాక కొన్ని గంటల్లో చెయ్యి మామూలైంది. మన దేశంలో 2005లో విజయ్‌పత్ సింఘానియా ముంబై నుంచి హాట్ ఎయిర్ బెలూన్‌లో 21 కిలోమీటర్లు దాటి రికార్డు కొట్టారు. ఆర్మ్‌స్ట్రాంగ్ రేఖ దాటి వెళ్లి క్షేమంగా తిరిగొచ్చారంటే కారణం గట్టి శరీరం కాదు, గాలి బయటికి పోకుండా మూసిన క్యాబిన్.

అందుకే ‘మనిషి శరీరం ఎంత తట్టుకుంటుంది’ అని అడగడం వల్ల పెద్దగా ప్రయోజనం లేదు. తట్టుకోదు. సౌర కుటుంబంలో భూమి తప్ప ఇంకెక్కడా పట్టుమని పది నిమిషాలు తట్టుకోదు. భూమి మీదే దానికి వీలైన చోటు చాలా ఇరుకు. నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న, పధ్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కింది. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో మూడో వంతు. అంగారకుడి మీద అందులో యాభయ్యో వంతు కూడా ఉండదు. ఉన్న కాస్త గాలిలోనూ 95 శాతం కార్బన్ డయాక్సైడ్. పెరూలోని లా రింకొనాడా అనే గనుల ఊళ్లో జనం 5,100 మీటర్ల ఎత్తులో కాపురాలు చేస్తున్నారు. మనుషులు స్థిరంగా ఉంటున్న ఊళ్లలో దానికి మించిన ఎత్తున్నది లేదు. వేడి సంగతి తెలుగువాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 2015 మే నెలలో రెండు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా వడదెబ్బకు పోయారు. అప్పుడు ఎండ 47, 48 డిగ్రీలు. శుక్రుడి నేల మీద 464.

ఇలాంటి చర్చ వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు సూక్ష్మజీవుల పేరెత్తుతారు. ఎత్తాల్సిందే, అందులో హైదరాబాద్‌కు వాటా కూడా ఉంది. 2005 ఏప్రిల్‌లో ఇదే బెలూన్ కేంద్రం నుంచి ఇస్రో ఒక భారీ బెలూన్‌ను పంపి, 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తుల మధ్య గాలిని గొట్టాల్లో పట్టి తెప్పించింది. ఆ గాలిని హబ్సిగూడలోని సీసీఎంబీలోనూ, పుణెలోని మరో ల్యాబ్‌లోనూ పరీక్షించారు. 12 రకాల బ్యాక్టీరియా, 6 రకాల ఫంగస్ కాలనీలు పెరిగాయి. బ్యాక్టీరియాలో మూడు అంతకుముందు ఎవరూ చూడని జాతులు. ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి ఆర్యభట్ట పేరు, మరొకదానికి ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయిల్ పేరు పెట్టారు. దగ్గరి బంధువులైన జాతుల కంటే ఇవి అతినీలలోహిత కిరణాలకు ఎక్కువ ఓర్చుకున్నాయని తేలింది. అవి వేరే గ్రహం నుంచి వచ్చాయని ఇస్రో అనలేదు, అంత మాట అనడానికి ఆధారమూ లేదు.

దీన్ని పట్టుకుని ‘జీవం ఎక్కడైనా బతుకుతుంది, మనిషీ అలవాటు పడతాడు’ అనేవాళ్లున్నారు. ఈ వాదనలో పస లేదు. కొన్ని సూక్ష్మజీవులు, టార్డిగ్రేడ్ అనే కంటికి ఆనని పురుగులు శూన్యాన్ని తట్టుకుంటున్నది ఎండిపోయి, జీవక్రియ దాదాపు ఆపేసి. 2007లో టార్డిగ్రేడ్లను పది రోజులు అంతరిక్షంలో బయటే ఉంచితే కొన్ని బతికి వచ్చాయి. కానీ అక్కడ తిన్నవీ లేవు, తిరిగినవీ లేవు. మెదడు నాలుగైదు నిమిషాలు ఆక్సిజన్ లేకపోతే పాడైపోయే మనిషికి ఆ దారి మూసి ఉంది. టార్డిగ్రేడ్‌లోని ఒక ప్రోటీన్‌ను మనిషి కణాల్లో పెడితే ఎక్స్‌రేల వల్ల జరిగే నష్టం 40 శాతం దాకా తగ్గిందని 2016లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. ఆసక్తికరమే. అయితే అది గాజు పాత్రలో కణాల సంగతి, మనిషి సంగతి కాదు.

కాబట్టి వేరే గ్రహం మీద బతకాలంటే భూమి గాలిని, భూమి వేడిని ఒక గదిలో కట్టి మోసుకుపోవడం తప్ప మార్గం లేదు. ఆ గదిని ఎక్కడ పెట్టొచ్చు, ఎంతకాలం నడపొచ్చు అన్నవే పనికొచ్చే ప్రశ్నలు.

ఎక్కడ అన్నదానికి కొన్ని చోట్లను వెంటనే కొట్టేయొచ్చు. గురుడు, శని, యురేనస్, నెప్ట్యూన్‌లకు నిలబడే నేలే లేదు. గురుడి ఉపగ్రహం యూరోపా మీద మంచు కింద సముద్రం ఉందని అంటారు కానీ, పైన నిలబడితే రోజుకు 5 సీవర్టులకు (ఒంటికి తగిలే రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం ఇది) మించిన రేడియేషన్. అంటే ఒక్క రోజులోనే ప్రాణాంతకం. బుధుడి మీద పగలు 430 డిగ్రీలు, రాత్రి మైనస్ 180. అయితే ఆ గ్రహం తన చుట్టూ తాను ఎంత నింపాదిగా తిరుగుతుందంటే, పగలూ రాత్రీ కలిసే సంధ్య గీత భూమధ్యరేఖ దగ్గర గంటకు మూడున్నర కిలోమీటర్ల చొప్పున జరుగుతుంది. మనిషి మామూలుగా నడిస్తే దానితో సమానంగా పోవచ్చు. ఎప్పటికీ ఆగకుండా నడిచే ఓపిక ఉండాలంతే.

శుక్రుడి నేల గురించి ఆలోచించడం దండగ. భూమి మీదకంటే 92 రెట్ల ఒత్తిడి, సీసం కరిగిపోయే వేడి. 1982లో సోవియట్ నౌక వెనెరా-13 అక్కడ దిగి 127 నిమిషాలు పనిచేయడమే గొప్ప. కానీ అదే శుక్రుడి మేఘాల్లో, 50 నుంచి 55 కిలోమీటర్ల ఎత్తులో, భూమికి అవతల ఇంకెక్కడా లేనంత అనుకూలమైన చోటు ఉంది. ఒత్తిడి భూమి మీద ఉన్నంత లేదా అందులో సగం. వేడి 55 కిలోమీటర్ల దగ్గర 27 డిగ్రీల దాకా, అంటే హైదరాబాద్‌లో ఫిబ్రవరి పగలు. గ్రావిటీ భూమిలో 90 శాతం. అక్కడి గాలి దాదాపు మొత్తం కార్బన్ డయాక్సైడే, మనం పీల్చే గాలి కంటే బరువు. కాబట్టి మామూలు గాలి నింపిన బెలూన్ అక్కడ తేలుతుంది, మనుషులు ఆ బెలూన్ లోపలే ఉండొచ్చు. ఇది ఊహాగానం కాదు. 1985లో సోవియట్ యూనియన్ వేగా నౌకల నుంచి రెండు బెలూన్లను, హీలియం నింపి, అక్కడ వదిలింది. 54 కిలోమీటర్ల ఎత్తులో ఒక్కొక్కటీ 46 గంటలకు పైగా తేలుతూ 11 వేల కిలోమీటర్లు ప్రయాణించాయి.

మరి ఎవరూ శుక్రుడి పేరెత్తరేం? అక్కడ చేయడానికి పనేమీ లేదు. మేఘాల్లో సల్ఫ్యూరిక్ ఆమ్లం, నీళ్లు నామమాత్రం, తవ్వుకోవడానికి నేల లేదు. తిరిగి రావాలంటే దాదాపు శ్రీహరికోట నుంచి ఎగిరేంత పెద్ద రాకెట్‌ను ఒక బెలూన్ మీంచి ఎగరేయాలి. శని ఉపగ్రహం టైటన్‌దీ ఇలాంటి కథే. గాలి ఒత్తిడి భూమి మీదకంటే ఒకటిన్నర రెట్లు, అందులో ఎక్కువ భాగం నైట్రోజన్. ప్రెషర్ సూట్ అక్కర్లేదు, ఆక్సిజన్ మాస్కు, వెచ్చటి బట్టలు చాలు. కాకపోతే చలి మైనస్ 179. అక్కడ దిగిన హైగెన్స్‌ను మోసుకెళ్లిన కసీని నౌకకు శని దాకా చేరడానికే ఏడేళ్లు పట్టింది.

మిగిలింది చంద్రుడు, అంగారకుడు. చంద్రుడి గురించి చంద్రయాన్-3 ఇచ్చిన ఒక చిన్న సమాచారం రావాల్సినంత ప్రచారానికి నోచుకోలేదు. 2023 ఆగస్టు 23న విక్రమ్ దిగాక, దానికున్న ‘చాస్టే’ అనే పరికరం ఓ సన్నటి కడ్డీని నేలలోకి దింపింది. కడ్డీ పొడవునా పది ఉష్ణోగ్రత సెన్సర్లు. పైన 50 డిగ్రీలు దాటిన వేడి ఉంటే, కేవలం 8 సెంటీమీటర్ల లోతులో మైనస్ 10 నమోదైంది. బెత్తెడు మట్టిలో 60 డిగ్రీల తేడా! అక్కడి నేలపొడి వేడిని లోపలికి గానీ బయటికి గానీ పోనివ్వదన్నమాట. రాత్రి మైనస్ 200 దాకా పడిపోయే చోట విక్రమ్, ప్రజ్ఞాన్ పద్నాలుగు రోజుల పగలు పనిచేసి నిద్రలోకి వెళ్లి మళ్లీ లేవలేదు. అవి నేల పైన ఉన్నాయి. మనుషుల గదిని మాత్రం రెండు మూడు మీటర్ల మట్టి కింద కప్పెడితే చలి, వేడి, చిన్న ఉల్కల దెబ్బ, రేడియేషన్, అన్నింటికీ కలిపి ఒకటే మందు.

దీన్నిబట్టి ఒక విషయం తేటపడుతుంది. భయపెట్టే అంకెలన్నీ, అంటే చలి, వేడి, శూన్యం, ఇంజినీర్ల చేతికి లొంగుతాయి. క్షణాల్లో చంపేవాటికి ఉపాయాలు అరవై ఏళ్ల కిందే దొరికాయి. నెమ్మదిగా చంపేవాటి దగ్గరే బండి ఆగిపోయింది. పత్రికల్లో వచ్చే బొమ్మల్లో ఎర్రటి నేల మీద గాజు గోపురాలు కనిపిస్తాయి కానీ ఈ రెండో రకం కనిపించవు.

వాటిలో మొదటిది రేడియేషన్. భూమికి దట్టమైన గాలి, అయస్కాంత క్షేత్రం రక్ష. అంగారకుడికి రెండూ లేనట్టే. క్యూరియాసిటీ రోవర్ అక్కడ దిగాక రోజుకు సుమారు 0.67 మిల్లీసీవర్టులు (మిల్లీసీవర్టు అంటే సీవర్టులో వెయ్యో వంతు) కొలిచింది. ప్రయాణంలోనైతే రోజుకు 1.8. మన దేశంలో ఎక్స్‌రే, అణు విద్యుత్ రంగాల్లో పనిచేసేవాళ్లకు అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన పరిమితి ఏడాదికి సగటున 20 మిల్లీసీవర్టులు. అంగారకుడి నేల మీద అది ఒక నెలలో నిండిపోతుంది. వెళ్లి, కొంతకాలం ఉండి, తిరిగి రావడానికి కలిపి సుమారు 1 సీవర్టు అవుతుందని లెక్క. నాసా తన వ్యోమగాములకు ఉద్యోగ జీవితం మొత్తానికి పెట్టుకున్న పరిమితి 0.6 సీవర్టు. వెంటనే ఎవరూ పడిపోరు. క్యాన్సర్ ముప్పు కొన్ని శాతాలు పెరుగుతుంది. ఒకసారి వెళ్లి వచ్చే సాహసికి అది ఒప్పుకోదగ్గ బేరమే కావచ్చు. అక్కడే పుట్టి పెరగాల్సిన పిల్లలకు కాదు. అందుకే ఎవరు ఎలా లెక్కేసినా గది భూగర్భంలోకే పోతుంది. అంగారకుడి మీద సూర్యాస్తమయం నీలంగా ఉంటుందట. దాన్ని చూసే భాగ్యం కాపురం ఉండేవాళ్లకు ఎక్కువగా కెమెరాలోనే.

రెండోది గ్రావిటీ. భారరహిత స్థితిలో తుంటి వంటి చోట్ల ఎముక నెలకు 1 నుంచి 1.5 శాతం తరిగిపోతుంది. 1984లో రాకేశ్ శర్మ సోవియట్ అంతరిక్ష కేంద్రం సల్యూట్-7లో యోగాసనాలు వేసింది ఫొటోల కోసం కాదు, శరీరం మీద భారరహిత స్థితి ప్రభావాన్ని తెలుసుకునే ప్రయోగంలో భాగం. హైదరాబాద్‌లో పెరిగి, నిజాం కాలేజీలో చదివిన ఆయన అక్కడ ఉన్నది ఎనిమిది రోజులకు కాస్త తక్కువ. ఇప్పుడు ఆరేసి నెలలు ఉంటున్నవాళ్లు రోజూ రెండు గంటలకు పైగా వ్యాయామం చేసి కూడా తిరిగొచ్చాక సొంతంగా నడవడానికి తడబడతారు. క్యాప్స్యూల్ తలుపు తీయగానే సిబ్బంది వాళ్లను పట్టుకుని కుర్చీల్లోకో స్ట్రెచర్ల మీదికో దించుతారు. ఆరేడు నెలలు ప్రయాణించి అంగారకుడి మీద దిగేవాళ్లను పట్టుకునేవాళ్లెవరూ ఉండరు.

పోనీ అంగారకుడి మీద భూమిలో 38 శాతం గ్రావిటీ ఉంది కదా, అది చాలదా? మనుషుల మీద ఈ విషయంలో ఉన్న అనుభవమంతా చంద్రుడి మీద నడిచిన 12 మందిదే. వారిలో అందరికంటే ఎక్కువసేపు ఉన్నది అపోలో-17 వాళ్లు, 1972లో, దాదాపు 75 గంటలు. మూడు రోజుల చిల్లర! జపాన్ శాస్త్రవేత్తలు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఎలుకలను గిర్రున తిప్పే యంత్రంలో పెట్టి చంద్రుడి గ్రావిటీని సృష్టించారు. కండ తరిగిపోవడం ఆగింది కానీ కండరాల పోగుల స్వభావం మారడం ఆగలేదని 2023లో ప్రకటించారు. ఎముకల మాట, గర్భం మాట, పెరిగే పిల్లల మాట ఇంకా తర్వాత. మానవజాతి రెండో గ్రహానికి వలస పోతుందని ధీమాగా చెప్పేవాళ్ల ప్రసంగాల్లో గర్భిణుల ప్రస్తావన వెతికినా దొరకదు. కాపురం అన్నాక ముందు రావాల్సింది అదే కదా.

మూడోది గాలి. ఇందులో ఆక్సిజన్ తయారీ సులువైన భాగం. పర్సెవరెన్స్ రోవర్‌లో ‘మాక్సీ’ అనే పెట్టె అంగారకుడి కార్బన్ డయాక్సైడ్‌ను విడగొట్టి 2021 నుంచి 2023 మధ్య 16 విడతల్లో మొత్తం 122 గ్రాముల ఆక్సిజన్ తీసింది. ఒక మనిషికి రోజుకు 840 గ్రాములు కావాలి. అంటే ఆ మొత్తం మూడున్నర గంటల ఊపిరి. పరికరం చిన్నది, పెద్దది కట్టొచ్చు. నిజానికి ఊపిరి కంటే రాకెట్‌కే ఎక్కువ కావాలి. నలుగురిని అంగారకుడి నేల మీంచి పైకి లేపడానికే ఇంధనంతో పాటు 25 టన్నుల ఆక్సిజన్ పడుతుందని అంచనా. అంగారకుడి మీద ఇంతవరకు దింపగలిగిన అన్నిటికంటే బరువైన వస్తువు ఆ రోవరే, ఒక టన్ను. గాలి పలుచన కాబట్టి పారాచూట్ సరిగా పట్టదు, గాలి ఉంది కాబట్టి నౌక మండుతుంది. రెండు విధాలా చేటే.

కష్టమైన భాగం, మూసిన గదిలో గాలిని ఏళ్ల తరబడి సరిగ్గా ఉంచడం. దీన్ని భూమి మీదే ఒకసారి పెద్ద ఎత్తున ప్రయత్నించారు. అమెరికాలోని అరిజోనాలో మూడు ఎకరాల గాజు భవనం కట్టి, అందులో చిన్న అడవి, చిన్న సముద్రం, పొలం పెట్టి, 1991 సెప్టెంబర్‌లో ఎనిమిది మందిని లోపలికి పంపి తలుపులు మూశారు. పేరు బయోస్ఫియర్-2. రెండేళ్లు బయటి గాలి, బయటి తిండి లేకుండా ఉండాలి. కొన్ని నెలలకే ఆక్సిజన్ తగ్గడం మొదలైంది. 21 శాతం నుంచి పదహారు నెలల్లో 14.5కు పడిపోయింది. దాదాపు 4,000 మీటర్ల కొండ మీద బతుకుతున్నట్టు. లోపలివాళ్లకు మెట్లెక్కితే ఆయాసం, రాత్రుళ్లు నిద్రలో ఉలిక్కిపడి లేవడం. చిత్రమేమిటంటే ఆక్సిజన్ తగ్గితే ఆ మేరకు కార్బన్ డయాక్సైడ్ పెరగాలి, అది పెరగడం లేదు. ఎక్కడికి పోతోందో ఎవరికీ అంతుబట్టలేదు.

చివరికి దొంగ దొరికాడు. పంటలు బాగా పండాలని పొలంలో ఎరువు దట్టించిన మట్టి వేశారు. అందులోని సూక్ష్మజీవులు అంచనాకు మించి ఆక్సిజన్ తాగేశాయి. అవి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను భవనం లోపలి కాంక్రీటు గోడలు పీల్చుకుని సున్నపురాయిగా మార్చుకున్నాయి. మొక్కలకు అంది తిరిగి ఆక్సిజన్ కావాల్సిన వాయువు గోడల్లో చిక్కిపోయింది. కోట్ల డాలర్ల ప్రాజెక్టులో ఎవరూ ఊహించనిది కాంక్రీటు! 1993 జనవరిలో బయటి నుంచి ఆక్సిజన్ ఎక్కించాల్సి వచ్చింది. ఈలోగా తేనెటీగల వంటివి చచ్చిపోయి, చీమలు మాత్రం ఎక్కడపడితే అక్కడ విజృంభించాయి. ప్రయోగం విఫలమైందని చాలామంది వెక్కిరించారు కానీ, అంతకంటే విలువైన వైఫల్యం ఈ రంగంలో ఇంకొకటి లేదు. అరిజోనాలో అవసరమైనప్పుడు ఆక్సిజన్ ట్యాంకర్ తెప్పించుకున్నారు. అంగారకుడికి దారి తెరుచుకునేదే 26 నెలలకోసారి.

అంతరిక్ష కేంద్రంలో పాతికేళ్లుగా మనుషులు ఉంటున్నారు కదా అనొచ్చు. ఉంటున్నారు, వాడిన నీటిలో 98 శాతం తిరిగి శుద్ధి చేసుకుంటున్నారు, అందులో మూత్రం కూడా ఉంది. కానీ అక్కడ కార్బన్ డయాక్సైడ్ తీసే యంత్రాలు, మూత్రం శుద్ధి చేసే యంత్రాలు తరచూ మొరాయించాయి. ప్రతిసారీ విడిభాగాలు కింది నుంచే వెళ్లాయి. నేల అక్కడికి 400 కిలోమీటర్లే. మరీ ముంచుకొస్తే గంటల్లో దిగిరావచ్చు.

తిండి గురించి చెప్పాలంటే ఇంకా మొలకల దశలోనే ఉన్నాం, అక్షరాలా. 2025 జూన్‌లో అంతరిక్ష కేంద్రానికి వెళ్లిన శుభాంశు శుక్లా అక్కడ మెంతులు, పెసలు మొలకెత్తించారు. మొలకలు రావడం వేరు, నలుగురికి ఏడాది పొడవునా కడుపు నిండా పండించడం వేరు. పైగా అంగారకుడి మట్టిలో పెర్‌క్లోరేట్ అనే లవణాలు సుమారు అర శాతం ఉన్నాయని 2008లో ఫీనిక్స్ ల్యాండర్ కనిపెట్టింది. అవి థైరాయిడ్‌కు అయోడిన్ అందకుండా చేస్తాయి. ఆ మట్టిని కడగకుండా ఆకుకూర కూడా వేయడానికి లేదు. అక్కడి ధూళి మహా సన్నం, సూట్లకు అంటుకుని గదిలోకి రాక మానదు. 2018లో గ్రహమంతా కమ్మిన ధూళి తుఫాను సూర్యరశ్మిని మింగేసి ఆపర్చునిటీ రోవర్‌ను శాశ్వతంగా నిద్రపుచ్చింది. సోలార్ ప్యానెళ్ల మీదే ఆధారపడిన గదికి అప్పుడు ఊపిరి ఎక్కడి నుంచి రావాలి?

మనసు సంగతి చాలామంది ఒక వాక్యంలో దాటేస్తారు. నాసా హ్యూస్టన్‌లో 3డీ ప్రింటింగ్‌తో 1,700 చదరపు అడుగుల నమూనా ఇల్లు కట్టి, నలుగురిని 378 రోజులు ఉంచింది. 2024 జులైలో బయటికి వచ్చారు. కొండాపూర్‌లో త్రీ బెడ్‌రూమ్ ఫ్లాట్ అంత చోటు, బాల్కనీ తీసేసి. అంతకుముందు 2010-11లో మాస్కోలో ఆరుగురు 520 రోజులు తలుపులు మూసుకుని ఉన్నప్పుడు వాళ్లలో ఎక్కువమందికి నిద్ర గతి తప్పింది, రోజులు గడిచేకొద్దీ కదలికలు తగ్గిపోయాయి. వాళ్లకు ఒక ధైర్యం ఉంది, తలుపు అవతల మాస్కో ఉంది. అంగారకుడి నుంచి ఇంటికి ఒక మాట చేరడానికి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది, జవాబుకు మళ్లీ అంతే. ఫోన్ సంభాషణ అన్నదే ఉండదు, ఉత్తరాలే.

ఇంత తంటా ఎందుకు, గ్రహాన్నే మార్చేద్దాం అనేది ఇంకో వాదన. ధ్రువాల మంచు కరిగించి, కార్బన్ డయాక్సైడ్ వదిలి, గాలిని చిక్కబరిచే ఆలోచన. 2018లో ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు అక్కడ అందుబాటులో ఉన్న కార్బన్ డయాక్సైడ్ అంతటినీ లెక్కగట్టారు. మొత్తం వదిలినా ఒత్తిడి భూమిలో రెండు శాతం చుట్టూ ఆగిపోతుందని తేల్చారు. ప్రస్తుతం ఉన్న టెక్నాలజీతో అది జరిగే పని కాదు.

ఇవన్నీ కలిపి చూస్తే జవాబు రెండుగా చీలుతుంది. వెళ్లి రావడం కుదురుతుంది. బహుశా ఈ శతాబ్దంలోనే, కొంత ఆరోగ్యాన్ని పణంగా పెట్టి. చంద్రుడి మీద మట్టి కింద శిబిరం వేసుకుని అంటార్కిటికాలోని మన భారతి, మైత్రి కేంద్రాల్లో లాగా విడతలవారీగా మనుషులు మారడం కూడా నమ్మదగ్గ మాటే. అంటార్కిటికాలో పీల్చే గాలి ఉచితం, అయినా అక్కడ ఊళ్లు వెలియలేదు, కుటుంబాలు స్థిరపడలేదు. అంగారకుడి మీద తరతరాల కాపురానికి ప్రస్తుతం ఆధారం లేదు. ఎప్పటికీ కుదరదని అనడానికీ లేదు, ఎందుకంటే 38 శాతం గ్రావిటీలో ఎముకలు, గర్భం ఏమవుతాయో తెలిపే ప్రయోగమే ఇంకా మనిషి మీద మొదలుకాలేదు.

మన దేశం విషయానికొస్తే పోటీ చాలా కింది మెట్టు దగ్గర ఉంది, ఉండాల్సింది కూడా అక్కడే. గగన్‌యాన్‌లో ముగ్గురిని మూడు రోజుల పాటు 400 కిలోమీటర్ల ఎత్తుకు పంపాలన్నది లక్ష్యం. ఇస్రో రాకెట్లకు కావాల్సిన ప్రత్యేక లోహాలు కంచన్‌బాగ్‌లోని మిధాని నుంచి ఎప్పటినుంచో వెళ్తున్నాయి. చిక్కు వచ్చింది క్యాబిన్‌లో గాలి, తేమ, వేడి సరిచూసే వ్యవస్థ దగ్గర. దాన్ని ఏ దేశమూ ఇవ్వడానికి సిద్ధంగా లేదని, సొంతంగానే తయారు చేసుకుంటున్నామని అప్పటి ఇస్రో చైర్మన్ సోమనాథ్ 2023 డిసెంబర్‌లో చెప్పారు. ముగ్గురి ఊపిరిని ఆ యంత్రం ముందు మూడు రోజులు మోయాలి. అంగారకుడికి వెళ్లొచ్చే నౌకలోనైతే అదే పని విడిభాగాలు అందే దారి లేకుండా తొమ్మిది వందల రోజులకు పైగా జరగాలి.